అమర్చిన కంటికి పూచీ ఎవరు?

ఆర్గస్-2 పరికరమును శాస్త్రవిజయమని పొగడుట న్యాయమే. దానిని కృత్రిమ నేత్రమనుట మాత్రము అతిశయోక్తి. కళ్లజోడులోని కెమెరా పంపు దృశ్యము సంకేతములుగా మారి, రెటీనాపై అమర్చిన 60 ఎలక్ట్రోడుల ద్వారా నాడులకు చేరును. రెటినైటిస్ పిగ్మెంటోజాచే చూపు పోయినవారికి వెలుగు మచ్చలు, వస్తువుల అంచులు తోచును, అంతే.

2013లో అమెరికా ప్రభుత్వము అనుమతించిన ఈ పరికరము తయారీని 2019లో సెకండ్ సైట్ కంపెనీ మానుకొన్నది. సుమారు 350 మంది కండ్లలో అది నిలిచిపోయినది. రేడియో చెడినచో ఏ మెకానిక్కైనను విప్పి చూడగలడు; దీనికి ఆ వీలు లేదు. శస్త్రచికిత్స వలని ప్రమాదమును రోగికి ముందే తెలుపుట వైద్యధర్మము. కంపెనీ చేతులెత్తివేసినచో మరమ్మతు ఎవరు చేయుదురో తెలుపుటయు అందులోనిదే. అనుమతి నిచ్చునాడే విడిభాగములను, నిర్మాణ పటములను ప్రభుత్వము తన వద్ద దాఖలు చేయించుకొనియుండవలసినది.