చావింట్ల నవ్వు

2011లో ఫ్రెంచివాళ్లు 'ఇన్‌టచబుల్స్' అని ఒక హాస్యచిత్రం తీశారు. భార్య పోయి, మెడ కింద ఒళ్లంతా చచ్చుబడ్డ ఒక కోటీశ్వరుడు. అతన్ని చూసుకోను వచ్చిన నల్లజాతి కుర్రాడు. దుఃఖమంతా దొరది, హుషారంతా పనివాడిది. లోకం విరగబడి చూసింది. తెల్లవాడి బతుకులో వెలుగు నింపడానికేనా ఆ నల్లవాడు పుట్టింది అని కొందరు విమర్శకులు నిలదీశారు కూడా. అదే కథ 2016లో నాగార్జున, కార్తిలతో 'ఊపిరి'గా మన దగ్గరికొచ్చింది. వర్ణభేదం పోయి, ఉన్నోడు లేనోడు అన్న తేడా మిగిలింది.

ఏడ్చే హక్కు ఒకరికి, నవ్వించే పని ఇంకొకరికి అని పంచిపెట్టకుండా హాస్యం తీయొచ్చా? తీయొచ్చని చూపించిన సినిమా 'బలగం'. 2023 మార్చి 3న వచ్చింది. దర్శకుడు వేణు ఎల్దండి సిరిసిల్ల మనిషి. సుల్తానాబాద్‌లో ఉండే మాకు సిరిసిల్ల పరాయిది కాదు. జిల్లాలు విడగొట్టిన 2016 అక్టోబరు దాకా రెండూ కరీంనగర్ కిందనే ఉండేవి.

మా తెలంగాణ మాట తెలుగు తెరకు కొత్త కాదు. కాకపోతే రౌడీ నోట్లోనో, హీరో పక్కన తిరిగే నవ్వులోడి నోట్లోనో వినబడేది. ఇంట్లో ఒక్కడే అట్ల మాట్లాడితే వాడు నోరు తెరవగానే హాల్లో నవ్వు. వేణు చేసిన పని చూడటానికి చిన్నదే. తాత, కొడుకు, అల్లుడు, పెండ్లికొచ్చిన పిల్ల, ఊరి పెద్దలు, అందరికీ అదే మాట ఇచ్చాడు. ఇక యాస మీద నవ్వే దారి మూసుకుపోయింది. నవ్వు మనుషుల బుద్ధిలోంచి రావాల్సిందే.

వచ్చింది కూడా. కొమురయ్య చచ్చిపోతే మనవడు సాయిలుకు ముందు గుర్తొచ్చేది తాత కాదు, అప్పు. నిశ్చితార్థం దగ్గర పడింది, కట్నం వస్తే బాకీలు తీర్చుకుందామనుకున్నాడు. ఇంతలో శవం. ప్రియదర్శి ఆ మొహంలో దుఃఖం నటించడు. దుఃఖం నటిస్తున్న మనిషిని నటిస్తాడు. దాన్ని చూసి నవ్వుతాం, నవ్వినందుకు కొంచెం సిగ్గుపడతాం కూడా. ఎందుకంటే చావింటికి పోయి లోపల లెక్కలేసుకోని మనిషి ఎవడు?

అన్నిటికంటే నాకు నచ్చింది నల్లి బొక్క. అల్లుడు నారాయణకు విందులో మూలుగుండే నల్లి బొక్క పడలేదు. దాని మీద మాటా మాటా పెరిగి ఏండ్లకేండ్లు రాకపోకలే బందయ్యాయి. చెప్పుకుంటే నవ్వులాటే. కానీ అల్లుడి మర్యాద తెలిసిన ఇండ్లలో గొడవలు ఇసుమంటి వాటితోనే మొదలవుతాయి. మురళీధర్ గౌడ్ ఆ పంతాన్ని ఒక్కసారి కూడా వెకిలి చేయడు. తనకు జరిగింది అవమానమేనని ఆ మనిషికి పూర్తి నమ్మకం. ఆ నమ్మకమే మనల్ని నవ్విస్తుంది. దాని పక్కనే అతని పెండ్లాం లక్ష్మి తండ్రి శవం మీద పడి ఏడుస్తుంటే నవ్వు గొంతులోనే ఆగిపోతుంది. బొక్క మొగోళ్లది, ఏండ్ల ఎడబాటు ఆమెది. ఆ పాత్రలో రూపలక్ష్మిని చూస్తే ఇంకా రెండు సన్నివేశాలు రాయాల్సింది అనిపిస్తుంది.

పిట్ట ముట్టకపోవడం అనే మెలికను కూడా దర్శకుడు పొదుపుగా వాడుకున్నాడు. మూడో దినం ముద్దలు పెడతారు, కాకి రాదు. ఐదో దినం మళ్లీ అంతే. ఊరి పెద్దలు అడుగుతారు, ఇంట్లోవాళ్లు ఒకర్నొకరు చూసుకుంటారు. కాకికి మాయలూ మంత్రాలూ ఏమీ లేవు. అది రాకపోవడమే మనుషులను ఒక్కచోట కూచోబెట్టి తప్పు ఎవరిదో తేల్చుకొమ్మంటుంది.

సాయిలుకు, నారాయణ బిడ్డ సంధ్యకు నడిచే ప్రేమకథ మటుకు పల్చన. ఆస్తి మీద కన్నుతో మొదలై తొందరగా మంచిదైపోతుంది. సంగీత దర్శకుడు భీమ్స్ పాటలు దాన్ని మోసుకుపోయాయి గానీ, సంధ్యగా వేసిన కావ్య కళ్యాణ్‌రామ్ చేతికి పాత్ర చిక్కలేదు.

ఆఖరు ఘట్టంలో దర్శకుడి తెగువ తెలుస్తుంది. కుటుంబం కలవాల్సిన చోట హీరోకు పెద్ద డైలాగు పెట్టలేదు. పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులను తెచ్చి కూచోబెట్టాడు. వాళ్లు నటులు కారు. ఊరూరా తిరుగుతూ కథలు చెప్పి, పోయినవాళ్ల మీద పాట కట్టే బుడగ జంగాలు. మామూలుగా అయితే ఇట్లాంటివాళ్లు సినిమాలో పల్లె వాతావరణం కోసం ఒక మూల కనబడి పోతారు. ఇక్కడ కథ ముడి విప్పే పని వాళ్ల గొంతుకు అప్పగించాడు. పాట నడుస్తుంటే కెమెరా వినేవాళ్ల మొహాల మీదికి పోతుంది. అన్నదమ్ములు, ఆడబిడ్డ, అలిగిన అల్లుడు ఒక్కొక్కరే కరిగిపోతారు. అంతసేపూ నవ్వించిన మొహాలే అవి.

తర్వాత చాలా పల్లెల్లో తెరలు కట్టి ఊరంతా కలిసి ఈ సినిమా చూశారు. 'ఊరు పల్లెటూరు' పాటకు కాసర్ల శ్యామ్‌కు జాతీయ అవార్డు వచ్చింది. సినిమాకు 2023 ఉత్తమ చిత్రంగా గద్దర్ పురస్కారం కూడా దక్కింది. మొగిలయ్య 2024 డిసెంబరులో చనిపోయాడు. కిడ్నీల జబ్బుతో చాలా తిప్పలు పడ్డాడు. ఈ సినిమా రాకముందు ఆయన పాట తాను తిరిగిన ఊర్ల చావిండ్లు దాటి పెద్దగా వినబడింది లేదు.