కాపీ వెనక పేజీ

బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో లా చదువుతున్న మన తెలుగు పిల్లలు సెలవులు దగ్గర పడగానే అడిగే మాట ఒకటే: "బాబాయ్, ఢిల్లీలో తెలిసిన వకీలు ఎవరైనా ఉన్నారా?" ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ కోసం. వెళ్లొద్దని నేననను. కానీ హైకోర్టు మన పక్కనే బోద్రీలో ఉంది కదా! 2000లో ఛత్తీస్‌గఢ్ ఏర్పడినప్పుడు రాజధాని రాయపూర్‌కు, హైకోర్టు బిలాస్‌పూర్‌కు దక్కాయి. 1953లో మన ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని కావడం, మరుసటి ఏడు గుంటూరులో హైకోర్టు పెట్టడం లాంటిదే ఇదీ. జిల్లా కోర్టు ఊళ్లో, హైకోర్టు రాయపూర్ రోడ్డులో. పొద్దున అక్కడ సాక్షిని క్రాస్ చేయడం చూసి, మధ్యాహ్నం ఇక్కడ అప్పీలు వాదనలు వినొచ్చు.

బార్ కౌన్సిల్ 2008 నాటి నిబంధనల ప్రకారం ఐదేళ్ల కోర్సువాళ్లు మొత్తంమీద కనీసం 20 వారాలు, మూడేళ్ల కోర్సువాళ్లు 12 వారాలు ఇంటర్న్‌షిప్ చేయాలి. ఏ ఏడాదిలోనూ వరసగా నాలుగు వారాలు దాటకూడదు. దాంతో చాలామంది ఏడాదికో ఆఫీసు మారుస్తారు. నేను మాత్రం కనీసం రెండేళ్లు ఒకే ఆఫీసుకు వెళ్లమంటాను. ఏ కేసూ నాలుగు వారాల్లో తేలదు. పోయినేడు చూసిన ఫైలు ఈ ఏడు ఎక్కడిదాకా వచ్చిందో చూస్తేనే ఈ వృత్తి నడక అర్థమవుతుంది.

పోయిన చలికాలం మా ఆఫీసుకు వచ్చిన మూడో సంవత్సరం అమ్మాయికి ఒక భూతగాదా ఫైలిచ్చి, సెకండ్ అప్పీలుకు తారీఖుల పట్టిక రాయమన్నాను. తీర్పు తేదీ నుంచి 90 రోజులు వేళ్ల మీద లెక్కపెట్టి, "బాబాయ్, గడువు దాటిపోయిందే!" అంది బెంగగా. సర్టిఫైడ్ కాపీ చివరి కాగితం తిప్పి చూడమన్నాను. అక్కడ అలుక్కుపోయిన రబ్బరు ముద్ర, అందులో పెన్నుతో నింపిన తేదీలు: కాపీకి దరఖాస్తు పెట్టిన రోజు, అది సిద్ధమైన రోజు, చేతికిచ్చిన రోజు. లిమిటేషన్ చట్టం 12వ సెక్షన్ కింద తీర్పు చెప్పిన రోజునూ, కాపీ తయారవడానికి పట్టిన కాలాన్నీ గడువులోంచి తీసేయాలి. మళ్లీ లెక్కేస్తే వారం పైనే మిగిలింది. ఆ సాయంత్రం ఆఫీసులో ఉన్న కాపీలన్నీ తిప్పి చూసిందా పిల్ల.

రెండ్రోజుల తర్వాత కక్షిదారు వచ్చాడు, పెద్దవయసు రైతు. నేను వేరే పనిలో ఉంటే ఆమే టీ తెప్పించి మాట్లాడుతూ కూర్చుంది. ఛత్తీస్‌గఢీ బాగా వచ్చు, ఇక్కడే పుట్టి పెరిగింది. మాటల్లో ఆయన, ప్రతివాదుల్లో ఒకాయన వానాకాలంలోనే పోయాడన్నాడు. ఏ కాగితంలోనూ లేని సంగతి అది. ఆయన పేరు మీదే అప్పీలు వేసుంటే, చనిపోయిన మనిషి మీద వేసిన అప్పీలు చెల్లదని అవతలి వకీలు లేచేవాడు. ఆమె వారసుల పేర్లు, ఊళ్లు రాసుకొచ్చి నా బల్ల మీద పెట్టింది. అప్పీలు వాళ్ల పేర్ల మీదే తయారైంది. లా కోర్సులో కక్షిదారుతో మాట్లాడే తీరు చూసి డైరీలో రాసినందుకు మార్కులున్నాయి. దయచేసి ఆ డైరీని పక్కవాళ్లది చూసి నింపకండి.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. మా రైల్వే ఇళ్లలో షెడ్డులో అప్రెంటిస్‌గా చేరిన కుర్రాడికి 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం కింద స్టైపెండ్ వస్తుంది. అదే ఏడు అడ్వొకేట్స్ చట్టమూ వచ్చింది. వకీలు దగ్గర పని నేర్చుకునే పిల్లలకు మాత్రం చాలాచోట్ల పైసా దక్కదు. గ్యాంగ్‌మన్ కూతురు రోజూ బోద్రీకి ఆటో ఛార్జీలు పెట్టుకోలేక మానేస్తే, ఆ నష్టం ఆమె ఒక్కదానిదే కాదు. బోద్రీలో ప్రాక్టీసు చేసే సీనియర్లను చేతులు జోడించి అడుగుతున్నాను: రానుపోను ఛార్జీలు, మధ్యాహ్నం భోజనం మీరే చూసుకోండి. జిరాక్సులకు పంపడంతో సరిపెట్టకుండా, వచ్చిన మొదటి రోజే ఒక ఫైలు చేతికివ్వండి.