సర్కమ్‌లోక్యూషన్: పదార్థం, ప్రయోగం

లాటిన్‌లో ‘చుట్టూ’, ‘పలుకు’ అనే అర్థాలున్న మాటల నుంచి ఏర్పడిన ఈ ఆంగ్లపదానికి మన ‘డొంకతిరుగుడు మాట’ దగ్గరగా ఉంటుంది. దీన్ని ఎక్కువగా నిందార్థంలోనే వాడతారు. చార్లెస్ డికెన్స్ ‘లిటిల్ డారిట్’ (1855–57) నవలలో ఒక ప్రభుత్వ కార్యాలయానికి ఈ పేరే పెట్టాడు. కొత్త ఆవిష్కరణతో అక్కడికి వెళ్లిన డేనియల్ డాయిస్ ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటాడు. మాట తిరిగేకొద్దీ బాధ్యుడు కనుమరుగవుతాడన్నదే డికెన్స్ విమర్శ.

అయితే పరోక్షంగా చెప్పడమంతా దోషం కాదని గమనించండి. మన పర్యాయోక్తాలంకారంలోనూ కవి తిన్నగా చెప్పడు. కాని అక్కడ అర్థం ప్రకాశిస్తుంది, ఇక్కడ మరుగున పడుతుంది. ఈ భేదాన్ని గుర్తించడానికి ఒక వాక్యాన్ని పరిశీలించండి: ‘మీ దరఖాస్తు పరిశీలనలో ఉన్నది.’ ఇందులో పరిశీలిస్తున్నది ఎవరు?