నమూనా రైలుమార్గం: కొలతా? అలంకారమా?

ఇంటిలో బల్లమీద చిన్న రైలుమార్గం నిర్మించి నడిపించే అభిరుచి మన దేశానికి కొత్తది కాదు. మన పాఠశాలల వైజ్ఞానిక ప్రదర్శనలలో కూడా అట్టి నమూనాలు తరచుగా కనిపిస్తూనే ఉన్నవి. అవి చూడముచ్చటగానే ఉంటవి. కాని నమూనా అనిపించుకొనడానికి ముచ్చట ఒక్కటే చాలునా అన్నది విచారింపవలసిన విషయం.

పల్నాటిలో జరిగిన ఒక ప్రదర్శనకు నేను న్యాయనిర్ణేతలలో ఒకడిగా వెళ్ళాను. నడికుడి జంక్షన్‌ను చూపే నమూనాలు రెండు వచ్చినవి. మొదటిదానిలో పచ్చని కొండ, సొరంగం, దీపాలు వెలిగే స్టేషను, వాటిచుట్టూ గుండ్రంగా తిరిగే రైలు ఉన్నవి. రెండవది రంగు వేయని చెక్కపలక. దానిమీద పట్టాలూ, పాయింట్లూ తప్ప మరేమీ లేవు. మేము మొదటిదానికి ప్రథమ బహుమతి ఇచ్చాము. అది పొరపాటని నాకు తరువాత తోచింది. ఎందువలనో చెప్పుతాను.

నడికుడిలో మూడు మార్గాలు కలుస్తవి: ఒకటి గుంటూరుకు, ఒకటి మాచర్లకు, ఒకటి పగిడిపల్లి మీదుగా సికింద్రాబాదు వైపునకు. ఈ కలయికే జంక్షన్. బహుమతి పొందిన నమూనాలో రైలు ఒకే వలయంలో తిరిగింది. విడిపోయే మార్గం ఒక్కటీ లేదు. పల్నాటి సున్నపురాయి, సిమెంటు మోసే గూడ్సు వాగన్లకు చోటు లేదు. నడికుడి అనే బోర్డు ఉన్నది గాని నడికుడి లేదు. చెక్కపలకమీద మాత్రం మూడు దారులూ ఉన్నవి.

గేజి సంగతి

బజారులో దొరికే నమూనా రైళ్ళలో హెచ్.ఓ. అనే రకం ప్రసిద్ధమైనది. అందులో ప్రతి పొడవూ అసలులో 87వ వంతు. పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. దీనిని 87తో హెచ్చిస్తే సుమారు 1435 మిల్లీమీటర్లు వచ్చును. ఇది ఐరోపా, అమెరికాలలో వాడే స్టాండర్డు గేజి. మన బ్రాడుగేజి 1676 మిల్లీమీటర్లు. కనుక మన మార్గాన్ని చూపడానికి 19.3 మిల్లీమీటర్ల ఎడము కావలెను. గుంటూరు–మాచర్ల మార్గం ఒకప్పుడు మీటరుగేజి. ఆనాటి రూపాన్ని చూపవలెనంటే 11.5 మిల్లీమీటర్లు చాలును. కొన్న పట్టాలనే వాడడం తప్పు కాదు. ఆ తేడాను చీటీమీద వ్రాసి పెట్టకపోవడమే తప్పు.

వంపులలో ఈ తేడా ఇంకా పెద్దది. మన బ్రాడుగేజిలో అతి తీవ్రమైన వంపుకు వ్యాసార్ధం సుమారు 175 మీటర్లు. 87వ వంతుకు తగ్గించినా అది రెండు మీటర్లు. బొమ్మరైలు పట్టాల వంపు వ్యాసార్ధం అర మీటరైనా ఉండదు. ఇరవై పెట్టెల రైలు పొడవు, పెట్టె 24 మీటర్ల చొప్పున, 480 మీటర్లు; నమూనాలో అయిదున్నర మీటర్లు. ఏ ఇంటి గదిలో పట్టును? కనుక పెట్టెలు తగ్గించవలసిందే, వంపు బిగించవలసిందే. తెలిసి చేసిన సవరణ వేరు, తెలియక చేసిన తప్పు వేరు.

వేగం, బరువు

ఆ అలంకృత నమూనాలో రైలు సెకనుకు దాదాపు ఒక మీటరు పరుగెత్తింది. 87తో హెచ్చిస్తే గంటకు 313 కిలోమీటర్లు! గంటకు నూరు కిలోమీటర్ల వేగాన్ని చూపవలెనంటే నమూనా సెకనుకు 32 సెంటీమీటర్లు కదిలితే చాలును. ఒక టేపు, ఒక స్టాపువాచి ఉంటే ఏ విద్యార్థి అయినా దీనిని సరిచూడవచ్చును.

ఇక బరువు. పొడవు 87వ వంతు అయితే ఘనపరిమాణం 87 × 87 × 87, అనగా 6,58,503వ వంతు అవుతుంది. 123 టన్నుల విద్యుత్ ఇంజను ఈ లెక్కన 187 గ్రాములకు దిగుతుంది. అసలు రైలు బ్రేకు వేసిన తరువాత కూడా వందల మీటర్లు సాగిపోతుంది; బొమ్మరైలు మీట నొక్కగానే ఆగుతుంది. కొందరు నిర్మాతలు ఇంజనులో చిన్న గతిపాలక చక్రాన్ని అమర్చి ఈ లోపాన్ని కొంత సవరిస్తారు. పొడవును తగ్గించినంత సులభంగా ప్రకృతి నియమాలను తగ్గించలేము. నమూనా నేర్పవలసిన మొదటి పాఠం ఇదే.

మందగించిన రైలు

రెండవ నమూనాలో రైలు అవతలి చివరకు పోయేసరికి నెమ్మదించింది. అందుకే దానికి మార్కులు తగ్గించాము. ఆ కుర్రవాడు, “రైలు లేనప్పుడు అక్కడ కూడా 12 వోల్టులే చూపుతున్నదండీ; రైలు వచ్చినప్పుడే 9కి పడిపోతున్నది. ఎందుకు?” అని అడిగాడు. మాకు తొందర, జవాబు చెప్పకుండానే ముందుకు నడిచాము.

జవాబు ఓం నియమంలోనే ఉన్నది. పట్టాల అతుకులవద్ద నిరోధం ఉంటుంది. కరెంటు ప్రవహించనంతవరకు ఆ నిరోధం వోల్టేజిని తగ్గించదు. ఇంజను అర ఆంపియరు తీసికొన్నదనుకొందాము. అతుకుల నిరోధం మొత్తం ఆరు ఓములైతే మూడు వోల్టులు అక్కడనే ఖర్చగును. పట్టాల క్రింద రాగితీగలు నడిపి మూడు నాలుగు చోట్ల టంకము వేస్తే లోపం తీరిపోవును. ప్రదర్శన మొత్తంమీద నిజమైన పరిశోధన ప్రశ్న ఆ పలకవద్దనే వినబడింది.

కనుక ఉపాధ్యాయులకు నా మనవి ఇది. నమూనాకు మార్కులు వేసే ముందు మూడు ప్రశ్నలు అడగండి: ఏ నిష్పత్తిలో కట్టావు? ఎక్కడ నిష్పత్తిని వదిలావు, ఎందుకు? కట్టిన తరువాత ఏమి కొలిచి, ఏమి మార్చావు? కొండకూ, చెట్లకూ రంగులు తరువాతనైనా వేసికొనవచ్చును. అడిగిన ప్రశ్నకు జవాబు దొరకని పిల్లవాడు మరల ప్రశ్న అడుగుతాడని మాత్రం నమ్మకం లేదు.