చప్పుడు పట్టే విద్య

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా గుంటూరు మిర్చి యార్డుకు వెళ్లే దారుల్లో టిక్కీల (మిర్చి బస్తాల) బళ్లదే రాజ్యం. సరిగ్గా ఆ రోజుల్లోనే పాత ట్రాక్టరు ఇంజన్లో కొత్తగా టకటక మొదలవుతుంది. విప్పితే కాయ కల్లంలో ఉండిపోతుంది. విప్పకుండా తోలితే కనెక్టింగ్ రాడ్ విరిగి బ్లాకును పగలగొడుతుందేమోనని భయం. ఈ రెండింటి మధ్యా తీర్పు చెప్పాల్సింది మెకానిక్కే.

నాగార్జునసాగర్ కాలువలకు 1967లో నీళ్లు వదిలారు. ఆ తర్వాతి దశాబ్దాల్లో ఈ నల్లరేగడి నేలల్లో పత్తి, మిర్చి పెరిగినకొద్దీ ట్రాక్టర్లూ లారీలూ పెరిగాయి. చిలకలూరిపేట లాంటి ఊళ్లలో లారీ పనే బతుకుతెరువైంది. గుంటూరు ఆటోనగర్, ఏరు దాటితే బెజవాడ ఆటోనగర్ ఈ బళ్లకు పెద్దాసుపత్రులు. మాసీ 1035, మహీంద్రా 275, టాటా 1210 లాంటి పాత బళ్లకు లోపం ఇదీ అని చూపించే కంప్యూటర్ లేదు. ఉన్నవి ఆయిల్ ప్రెజర్ ముల్లు, పొగ రంగు, చప్పుడు. వీటితోనే రోగం పట్టే పద్ధతి ఇక్కడి షెడ్లలో, పుస్తకం లేకుండా, మేస్త్రీ నుంచి కుర్రాడికి అందుతూ వచ్చింది.

మంచి మెకానిక్‌ని ‘చెవి ఉన్నవాడు’ అని మెచ్చుకుంటారు. నాకైతే చెవి కంటే అతని ప్రశ్నలే ముఖ్యమనిపిస్తుంది. బానెట్ ఎత్తకముందే అడుగుతాడు: “పొద్దున తీయంగానే వస్తందా, కాగినాక వస్తందా? బరువు మీదా, ఖాళీ బండికా?” డ్రైవర్ “టకటకమంటంది బాబాయ్” అంటే ఆ మాటను పెద్దగా పట్టించుకోడు. చప్పుడు ఎలా ఉందన్నది ఒక్కొక్కరికి ఒక్కోలా వినిపిస్తుంది. ఎప్పుడు వస్తోంది, ఏం చేస్తే మారుతోంది అన్నవి మాత్రం అందరికీ ఒకటే. ఈ విద్య అంతా ఆ రెండు ప్రశ్నల మీదే నిలబడి ఉంది.

చల్లగా ఉన్నప్పుడు గట్టిగా కొట్టి, కాగాక తగ్గితే అనుమానం పిస్టన్ మీదికి పోతుంది. వేడికి పిస్టన్ ఉబ్బి లైనర్‌తో సందు తగ్గుతుంది కాబట్టి చప్పుడూ తగ్గుతుంది. అది బోరు అరిగిందనడానికి గుర్తే గానీ, సీజన్ గడిచేదాకా చాలాసార్లు నెట్టుకురావచ్చు. కాగినకొద్దీ పెరిగితే కథ వేరు. ఆయిల్ పలచబడి బేరింగుల దగ్గర పట్టు తప్పుతోందన్నమాట. దానికితోడు ప్రెజర్ ముల్లు కిందికి దిగుతుంటే ఇక వాదన లేదు, ఇంజన్ కింది ఆయిల్ చాంబర్ దించి చూడాల్సిందే.

టాపెట్ చప్పుడు తేలిక రకం. ఇంజన్ రెండు చుట్లు తిరిగితే కామ్ షాఫ్టు ఒక్క చుట్టే తిరుగుతుంది కనుక ఆ టిక్కు టిక్కు ఇంజన్ వేగంలో సగం లెక్కనే పడుతుంది. చాలా పాత డీజిల్ ఇంజన్లలో టాపెట్ సందు 0.30 మి.మీ. దరిదాపుల్లో ఉంటుంది. గేజ్ రేకు పెట్టి సరిచేస్తే పోతుంది. సరిచేశాకా పోలేదంటే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ పక్కన నల్లటి మసి ఉందేమో చూస్తారు. గాస్కెట్ కాలి గాలి తన్నినా అచ్చం టాపెట్ లాగే వినిపిస్తుంది.

తర్వాత చప్పుడు వినే రాడ్డు బయటికొస్తుంది. పొడుగాటి స్క్రూడ్రైవర్ కొన ఇంజన్ మీద ఆనించి, పిడి చెవి వెనక ఎముకకు ఆనిస్తారు. పారిస్‌లో లేనెక్ అనే వైద్యుడు 1816లో కాగితం చుట్టి రోగి గుండె విన్న ఉపాయానికి ఇది దగ్గరి చుట్టం. అయితే చప్పుడు ఎక్కువగా వినిపించిన చోటే లోపం ఉందనుకుంటే మోసపోతాం. టాపెట్ కవర్ లాంటి పలచటి రేకు ఎక్కడి చప్పుడునైనా పెద్దది చేస్తుంది. అందుకే మేస్త్రీ రేకుల జోలికి పోకుండా బోల్టుల తలల మీదా, బ్లాకు మీదా రాడ్డు ఆనిస్తాడు. మెడలో కండువా ఉంటే ముందు తీసి పక్కన పెడతాడు, ఫ్యాన్ బెల్టుకు మొహమాటం ఉండదు.

ఈ విద్యలో నాకు అన్నిటికంటే ముచ్చటైనది నాజిల్ పరీక్ష. ఇంజన్‌ను స్లోలో ఉంచి, ఒక సిలిండర్ నాజిల్ పైపు నట్టును పానాతో కాస్త వదులు చేస్తారు. డీజిల్ బయటికి కారుతుంది, ఆ సిలిండర్ మండడం ఆగుతుంది. ఒక్కొక్కటే ఇలా ఆపి చూసి, బిగిస్తూ పోతారు. ఏది ఆపినా మారకపోతే టాపెట్లో, టైమింగ్ గేర్లో కావచ్చు. మూడోది ఆపగానే చప్పుడు పోయిందనుకోండి, తగాదా మూడో సిలిండర్‌ది. తొందరపాటు మనిషి ఇక్కడే “కన్‌రాడ్ బేరింగు పోయింది, ఇంజన్ దించుదాం” అంటాడు. నిదానస్తుడు ఇంకో మెట్టు ఎక్కుతాడు. నాజిల్ పట్టేసి డీజిల్‌ను చిమ్మడానికి బదులు కారుస్తుంటే కూడా అలాంటి సుత్తి దెబ్బే వినిపిస్తుంది. కాబట్టి మూడో నాజిల్ తీసి రెండోదాంట్లో, రెండోది మూడోదాంట్లో బిగిస్తాడు. చప్పుడు నాజిల్ వెంట రెండో సిలిండర్‌కు నడిచిందా, తప్పు నాజిల్‌దే. అక్కడే ఉండిపోయిందా, లోపల పిస్టనో, పిన్నో, బేరింగో. ఒక్క మార్పిడితో ఇంజన్ దించే ఖర్చుకూ నాజిల్ సర్వీసు ఖర్చుకూ మధ్య తేడా తేలిపోతుంది.

ఈ పరీక్ష పాత పంపు ఇంజన్లకే. కామన్ రైల్ బళ్లలో డీజిల్ వెయ్యి బార్లకు పైబడిన ఒత్తిడితో ఉంటుంది, నట్టు వదులు చేస్తే ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పాత ఇంజన్ల మీద కూడా వదులు చేసిన పైపు ముందు చెయ్యి పెట్టకూడదు.

ఎయిర్ బ్రేక్ లారీల్లో ఇంకో దొంగ ఉంది, కంప్రెసర్. దానికీ ఒక చిన్న పిస్టన్, క్రాంకు, బేరింగు ఉంటాయి. అవి అరిగితే ఇంజన్ లోపలే కొడుతున్నట్టు ఉంటుంది. గాలి టాంకు నిండి కంప్రెసర్ తోడటం ఆపేసే క్షణం కోసం చెవి రిక్కించి కూర్చోవాలి. ఆ క్షణాన చప్పుడు తగ్గి, నాలుగు సార్లు బ్రేకు తొక్కగానే మళ్లీ మొదలైతే ఇంజన్‌ను ముట్టుకోనక్కర్లేదు. క్లచ్ తొక్కితే మారే చప్పుడు క్లచ్ బేరింగుదో గేర్ బాక్సుదో. బెల్టు మీద నీళ్లు చల్లితే కీచుమనడం ఆగిందా, అది బెల్టే.

ఇక్కడి ఇంజన్లు అరగడానికి కారణాల్లో చప్పుడు చేయనిది దుమ్ము. రేగడి దున్నేటప్పుడు లేచే మట్టి, పత్తి బళ్ల పీచు ఎయిర్ క్లీనర్‌లో చేరతాయి. ఆ క్లీనర్ ఆయిల్ గిన్నె కడగకపోయినా, దాని రబ్బరు గొట్టం చీలినా ఆ మట్టి నేరుగా బోరులోకి పోయి రింగులను అరగదీస్తుంది. గిన్నె కడగడానికి పావుగంట చాలదూ?

ఈమధ్య చప్పుడును ఫోన్లో రికార్డు చేసి మెకానిక్‌కు వాట్సాప్‌లో పంపుతున్నారు. టిక్కు టిక్కు వరకు పనికొస్తుందేమో గానీ, బేరింగు కొట్టే లోతైన దెబ్బ ఆ చిన్న మైకులో సరిగా పడదు. రికార్డింగుకు రేసు ఇచ్చి చూడటం, నాజిల్ ఆపి చూడటం కుదరదు కూడా.

మీ పాత బండి చప్పుడు మారితే ఎప్పుడు మారిందో, వేడికా బరువుకా అన్నది గుర్తుపెట్టుకుని వెళ్లండి. విప్పుదామన్న మెకానిక్‌ను ముందు ప్రెజర్ చూడమనండి, నాజిల్ మార్చి చూడమనండి. ప్రెజర్ పడిపోయి లోపల లోతుగా కొడుతుంటే మాత్రం షెడ్డు దాకా కూడా తోలొద్దు, ఇంకో బండికి కట్టి లాక్కెళ్లండి.