చెన్నపురి వీథుల స్వరూప సంరక్షణ: ఒక విమర్శ

ప్రాచీన భవనమును కాపాడుట యొకటి. ఆ భవనము నిలిచిన వీథి స్వరూపమును కాపాడుట వేరొకటి. మొదటిదానికి శాసనములు కలవు. రెండవదానిని పట్టించుకొనువారు తక్కువ. ఈ భేదమును గ్రహించుటకు చెన్నపురి తగిన యుదాహరణము.

మౌంటురోడ్డుమీది భారత్ ఇన్సూరెన్సు భవనము 1897లో పూర్తియైనది. 2006లో దానిని కూల్చుటకు పూనుకొనగా ఇంటాక్ సంస్థ ఉన్నత న్యాయస్థానము నాశ్రయించినది. 2010 నాటి తీర్పు కూల్చివేతను నిషేధించి, వారసత్వ సంరక్షణ సంఘమును నియమింపవలసినదని మహానగరాభివృద్ధి సంస్థ నాదేశించినది. అందు ప్రమాణముగ గ్రహింపబడిన 467 కట్టడముల పట్టిక, జస్టిస్ పద్మనాభన్ సంఘము ప్రకటన ఫలకముల తగవును పురస్కరించుకొని సిద్ధపరచినది. ఫలకములు మరుగుపరుపరాని భవనము లెవ్వి యను ప్రశ్నకు సమాధానముగ పుట్టిన జాబితా, నగర వారసత్వమునకే కొలమానమైనది. అది లేకున్న మరెన్ని సౌధములు నేలకూలెడివో! అయినను అది భవనములను విడివిడిగా లెక్కించునే కాని వీథిని లెక్కింపదు.

జార్జిటవును చూడుడు. లింగిచెట్టి వీథి, తంబుచెట్టి వీథి, గోవిందప్ప నాయకర్ వీథి యను పేళ్లలోనే వర్తక చరిత్ర యిమిడియున్నది. ఆంధ్రపత్రిక దినపత్రికయై 1914లో వెలువడినది ఈ నగరముననే. తంబుచెట్టి వీథి దాని చిరకాల నివాసము. ఇట్టి వీథుల అందము ఏ యొక్క సౌధముననో లేదు. ఇండ్ల సమమైన యెత్తు, వీథిని తాకు అరుగులు, క్రింద అంగడియు మీద కాపురమును గల యమరిక, వీని కలయికయే ఆ యందము. నడుమ నొక యద్దాల మేడ లేచినచో పట్టికలోని కట్టడ మొక్కటియు చెడదు. వీథి మాత్రము చెడును.

బొంబాయి 1995 నాటి నిబంధనలలో కట్టడములతోపాటు పరిసర ప్రాంతములను గూడ చేర్చి, తరగతులు నిర్ణయించినది. యజమాని కోల్పోవు నిర్మాణపు హక్కును వేరుచోట వినియోగించుకొను వీలును కల్పించినది. ఈ తుది యంశము మిక్కిలి ముఖ్యము. మరమ్మతు భారమంతయు యజమానిపై మోపి, కూల్చరాదని శాసించినంత మాత్రమున కట్టడము నిలువదు. మనుష్యులు కూల్పనిదానిని వాననీరు కూల్చును.

రూపపరిశీలన నిపుణులకు మాత్రమే వదలదగినది కాదు. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు మైలాపూరులో బులుసు సాంబమూర్తిగారి యింట అసువులు బాసిరి. ఆ స్థలము స్మారకమైనది శిల్పసౌందర్యముచే కాదు, జ్ఞాపకముచే. వాస్తునిపుణుడు కొలతలు చెప్పగలడు. ఏ గడపలో నేమి జరిగినదో చెప్పగలవారు ఆ వీథివారే. తమిళనాట 2012లోనే వారసత్వ మండలి చట్టము వచ్చినది. తరతరములుగ నిచ్చట స్థిరపడిన తెలుగువారు తమ వీథుల యిండ్లను, సత్రములను, పాఠశాలలను పేరు పేరున వ్రాసి యుంచినగాని, పరిశీలకుల యెదుట వాని పక్షమున పలుకువా రుండరు. కూలిన పిదప వ్రాయు చరిత్ర సంతాపసందేశ మగునే కాని సంరక్షణ కాజాలదు.