చేతకాని మగాళ్లూ, వాళ్ల పక్కనున్నవాళ్లూ

ఈ మధ్య వరసపెట్టి నాలుగు చిన్న నవలలు చదివాను. రెండు తెలుగువి. మిగతా రెండూ ఇంగ్లీషు అనువాదాలు, ఒకటి కన్నడం నుంచి, ఇంకోటి కొరియన్ నుంచి. లెక్క వేసుకుని ఎంచుకున్నవి కావు. అయినా నాలుగింట్లోనూ ఒకే రకం మనిషి తగిలాడు. ఏమీ చెయ్యలేనివాడు, లేదా ఏమీ చెయ్యకుండా ఉంటేనే హాయి అని తెలుసుకున్నవాడు. ఆ హాయి ఖర్చు మాత్రం పక్కనున్నవాళ్లది.

మొదటిది గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’. తెలుగులో తొలి మనోవైజ్ఞానిక నవల అని పేరు. వంశప్రతిష్ఠ నిలబెట్టమని తండ్రి చెప్పి పోతాడు. సీతారామారావు ఆ ప్రతిష్ఠ పేరు చెప్పుకునే ఆస్తంతా కరిగించేస్తాడు. తర్వాత ఏ పనిలోనూ కుదురుకోలేడు. తప్పు తనది కాదని నిరూపించుకోడానికి మనిషి బుర్ర ఎన్ని వాదనలు అల్లుతుందో గోపీచంద్ చాలా ఓపిగ్గా పట్టుకున్నాడు. అతని మీద జాలిపడమని మనల్ని అడగడు కూడా. అదే ఈ నవల బలం. కానీ ఉన్నమాట చెప్పాలంటే, రామయ్య తాత నోరు విప్పినప్పుడల్లా కథ ఆగిపోయి క్లాసు మొదలవుతుంది. అక్కడ నాకు బోర్ కొట్టింది.

అసలు గొడవ అది కాదు, ఇందిర. సీతారామారావు చిరాకంతా ఇంట్లో ఆమె మీదే దిగుతుంది. అతని తలలో ఏం నడుస్తోందో పేజీలకి పేజీలు తెలుస్తుంది. ఇందిర తలలో ఏముందో మనమే ఊహించుకోవాలి.

రెండోది రావిశాస్త్రి ‘అల్పజీవి’. సుబ్బయ్య గుమాస్తా. ఆఫీసంటే భయం, ఇల్లంటే భయం, బావమరిదంటే భయం. ఆ బావమరిది కోసమే కాంట్రాక్టర్ గవరయ్య దగ్గర డబ్బు తీసుకుని ఇంకా పెద్ద భయంలో ఇరుక్కుంటాడు. ఉపమానం మీద ఉపమానం పేర్చుకుంటూ పోయే ఆ వచనం కొందరికి ఎక్కువ అనిపించొచ్చు. నాకు మాత్రం సుబ్బయ్య గుండెదడ అందులోనే వినిపించింది. తెలుగు పుస్తకాలు రెండింట్లో నా ఓటు దీనికే. ఎందుకంటే సీతారామారావు చేతకానితనం అతని బుర్రలో ఉంది. సుబ్బయ్యది ఆఫీసులో, అప్పులో, కాంట్రాక్టర్ చూపులో ఉంది. పిరికివాణ్ని చూస్తే ఎవరికి లాభమో రావిశాస్త్రికి బాగా తెలుసు. అయితే ఇక్కడ కూడా ఇంటావిడని మనం చూసేది సుబ్బయ్య భయంలోంచే. ఆ భయస్తుడితో కాపురం చెయ్యడం ఆవిడకెలా ఉందో నవల పెద్దగా పట్టించుకోదు.

ఈ రెండూ చదివాక వివేక్ శానభాగ ‘ఘాచర్ ఘోచర్’ (శ్రీనాథ్ పేరూర్ అనువాదం) తెరిస్తే ఒళ్లు జలదరించింది. ఇక్కడ కథ చెప్పేవాడికి పేరు లేదు. చిన్నాన్న నడిపే మసాలా వ్యాపారం మీద ఇల్లంతా బతుకుతోంది. ఇతను పేరుకి డైరెక్టరు. చేసే పనల్లా బెంగళూరు కాఫీ హౌస్‌లో కూచోవడం. ఒకరోజు చిన్నాన్న కోసం ఒకావిడ ఇంటి గుమ్మం దాకా కూర పట్టుకుని వస్తుంది. ఇంట్లో ఆడవాళ్లు ఆమెని తిట్టి తరిమేస్తారు. ఇతను నోరెత్తడు. ఎందుకిలా అని అడిగేది కొత్తగా వచ్చిన భార్య అనిత ఒక్కతే. ఆ ప్రశ్నతోనే ఆమె ఆ ఇంటికి పరాయిదైపోతుంది. నెమ్మదస్తుడు, మంచివాడు అని మనం మెచ్చుకునే మౌనం ఒక్కోసారి నేరానికి కాపలా కాస్తుందని ఇంత తక్కువ మాటల్లో చెప్పిన పుస్తకం నేను చదవలేదు. క్రూరత్వం అంతా మగాళ్ల మీదకి నెట్టెయ్యకపోవడం కూడా నాకు నచ్చింది.

చివరిది హాన్ కాంగ్ ‘ది వెజిటేరియన్’. డెబొరా స్మిత్ అనువాదం. 2016లో ఇంటర్నేషనల్ బుకర్ వచ్చింది, రచయిత్రికి 2024లో నోబెల్ వచ్చింది. మూడు భాగాలు. మొదటిది భర్త చెబుతాడు. ఏ ప్రత్యేకతా లేని మనిషి కాబట్టే యోంగ్-హేని చేసుకున్నానంటాడు. ఆమె మాంసం మానేస్తే తన ఆఫీసు డిన్నర్లో పరువేమవుతుందన్నది అతని దిగులు. తండ్రి ఆమె నోట్లో మాంసం కుక్కే చోట ఈ భర్త కూడా ఉంటాడు. రెండో భాగం, బావ చూపులోంచి నడిచేది, నాకు సాగదీసినట్టు అనిపించింది. ఒంటి మీద పూలు వెయ్యడంలో రచయిత్రి కూడా కాస్త మైమరచిపోయిందేమో. మూడో భాగంలో అక్క ఇన్-హే వైపు నుంచి కథ తిరిగినప్పుడు మాత్రం పుస్తకం కింద పెట్టలేం. అందరి పనీ నెత్తినేసుకుని, పిల్లాణ్ని పెంచుకుంటూ, ఆసుపత్రికి తిరిగే మనిషి ఆమె. నేను ఇందిర కోసం వెతుక్కున్న భాగం ఇదే.

తెలుగు చదువరులకి ఓడిపోయిన మగాడంటే ఓ మమకారం. ‘నేనూ ఓ అసమర్థుణ్ణే’ అని కాస్త గర్వంగా చెప్పుకునే కుర్రాళ్లని చూస్తూనే ఉంటాం. ఆ గర్వం గోపీచంద్ నేర్పింది కాదు, ఆయన సీతారామారావుని మెచ్చుకోలేదు. అది మనం చదివే తీరులోంచి వచ్చింది. కాబట్టి పాత నవలలు పక్కన పడేయమనడం లేదు. ‘అల్పజీవి’ తప్పకుండా చదవండి. వెంటనే ‘ఘాచర్ ఘోచర్’ చదవండి, ఒక్క పూట చాలు. ఆ తర్వాత ‘అసమర్థుని జీవయాత్ర’కి వెళ్లి, ఇందిర కనిపించిన ప్రతిచోటా కాసేపు ఆగండి. రామయ్య తాత ఉపన్యాసాల దగ్గర ఆగకపోయినా పర్లేదు.